దయచేసి తల కదపకండి

"మధ్యలో ముక్కు దురద పెట్టిందండీ. గోక్కోలేదు లెండి. కానీ గోక్కోనా వద్దా అని చివరిదాకా అదే ధ్యాస."

ఎమ్మారై స్కానర్ లోపల్నుంచి ఇంటర్‌కామ్‌లో ఒక వాలంటీర్ అన్న మాట ఇది. అప్పుడే 8 నిమిషాల రన్ ఒకటి, అంటే ఆపకుండా సాగే ఒక విడత స్కాన్, పూర్తయింది. మేం చూడాలనుకున్నది జ్ఞాపకశక్తి సంగతి. అంతకుముందు చూపించిన బొమ్మ మళ్ళీ ఎదురైతే, గుర్తుపట్టే ఆ క్షణంలో మెదడు ఏం చేస్తుందో చూద్దామని. ఆయన ధ్యాసేమో ముక్కు మీద ఉంది. నేను కాగితం మీద రాసుకున్నాను: "రన్ 2. ముక్కు దురద. తల కదల్లేదంటున్నారు."

మెదడు ఇమేజింగ్ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరి నాకిది నాలుగో ఏడు. ఏం పని అని అడిగితే నలుగురిలో "మెదడు స్కాన్లు తీస్తాం" అని తేల్చేస్తాను గానీ, నిజానికి నా రోజులో ఎక్కువ భాగం మనుషుల్ని కదలకుండా పడుకోబెట్టడంలోనూ, కదిలితే ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాసిపెట్టడంలోనూ గడిచిపోతుంది. నల్లటి మెదడు మీద ఎర్రగా పసుపుగా వెలిగే మచ్చల బొమ్మలు అందరూ చూసే ఉంటారు. ఆ మచ్చ వెనకాల ఎన్ని దిండ్లు, ఎన్ని ఇయర్‌ప్లగ్గులు, ఎన్ని "ఇంకొక్క ఐదు నిమిషాలండీ"లు ఉంటాయో ఉద్యోగంలో చేరేదాకా నాకూ తెలీదు.

పని ఫోన్‌తో మొదలవుతుంది. వస్తామన్నవాళ్ళని వరసగా ప్రశ్నలు అడగాలి. పేస్‌మేకర్ ఉందా, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉందా, మెదడులో రక్తనాళానికి ఎప్పుడైనా క్లిప్ వేశారా, గర్భవతా, ఇరుకు గదులంటే భయమా. అంతవరకు అందరూ బుద్ధిగా జవాబు చెబుతారు. "ఎప్పుడైనా వెల్డింగ్ చేశారా, ఇనుము కోసే పని చేశారా, కంట్లో ఇనుప రజను పడిందా?" అనగానే మాత్రం అవతల కాసేపు నిశ్శబ్దం. మెదడు స్కాన్‌కీ వెల్డింగ్‌కీ ఏం సంబంధమని. సంబంధం ఉంది. మా యంత్రం 3 టెస్లాలది, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 60 వేల రెట్లు. ఎప్పుడో కంట్లో దిగి మనిషి మర్చిపోయిన ఇనుప ముక్కని ఆ అయస్కాంతం మర్చిపోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఆ అయస్కాంతాన్ని రాత్రిపూట ఆపరు. స్కాన్ జరగనప్పుడూ, గదిలో దీపాలు ఆర్పేసినప్పుడూ, పండగ సెలవులప్పుడూ అది పనిచేస్తూనే ఉంటుంది. లోపల నయోబియం-టైటానియం తీగచుట్ట ద్రవ హీలియంలో సున్నాకి 269 డిగ్రీల కింద మునిగి ఉంటుంది, అంత చలిలో కరెంటుకి అడ్డే ఉండదు కాబట్టి అది తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు లేదు కదా అని ఆఫ్‌లో ఉందనుకుని ఎవరైనా కుర్చీతోనో పెన్నుతోనో లోపలికి వెళ్ళబోతే ఆపాల్సింది మేమే. అందుకే గుమ్మం దాటేముందు నాలుగు జేబులూ తట్టుకోవడం నాకు అలవాటైపోయి, ఇప్పుడు ఇంట్లో బాత్రూంలోకి వెళ్ళేటప్పుడు కూడా తట్టుకుంటున్నాను.

జడపిన్నుల గురించి వేరే పోస్టు రాయొచ్చు. "అన్నీ తీసేశానండీ" అంటారు. ఇంకొకటి ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది.

లోపల బల్ల మీద పడుకోబెట్టాక అసలు పని. ముందు ఇయర్‌ప్లగ్గులు. స్కానర్‌లో గ్రేడియంట్ కాయిల్స్ అనే తీగచుట్టల్లో కరెంటు సెకనుకి ఎన్నోసార్లు మారుతుంటే, చుట్టూ ఉన్న అయస్కాంత బలానికి అవి అదిరిపోయి చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. చాలామంది ప్లగ్గుని చెవి అంచున అలా ఆనించి వదిలేస్తారు, అది రెండో నిమిషంలో ఊడొస్తుంది. దాన్ని వేళ్ళ మధ్య ఒత్తుతూ సన్నటి పుల్లలా చుట్టి, రెండో చేత్తో చెవిని కాస్త పైకీ వెనక్కీ లాగి, లోపలికి పోనిచ్చి, అది మళ్ళీ ఉబ్బేదాకా వేలితో పట్టుకుని ఉండాలి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ గొంతు వాళ్ళకే నూతిలోంచి వచ్చినట్టు వినిపించిందనుకోండి, సరిగ్గా కూర్చున్నట్టు. ఆ పైన మొహం మీదకి హెడ్ కాయిల్ దించుతాం. చూడ్డానికి పంజరంలా ఉంటుంది, 32 చిన్న చిన్న యాంటెన్నాలు తల చుట్టూ. దాని మీద అద్దం, అద్దంలో తెర. చేతిలో ఒక రబ్బరు బంతి, భయమేస్తే నొక్కమని. నొక్కితే ఆపేస్తాం, ఎందుకు నొక్కావని ఎవరూ అడగరు. ఈ మాట నేను రెండుసార్లు చెబుతాను, ఎందుకంటే ఆపేయొచ్చని గట్టిగా తెలిసినవాళ్ళే నిమ్మళంగా పడుకుంటారు.

కొత్తలో నేను "అస్సలు కదలకండి" అనేదాన్ని. అది తప్పు. ఆ మాట వినగానే మనిషి మెడ బిగబట్టుకుంటాడు, భుజాలు పైకొస్తాయి, మూడు నిమిషాలయ్యేసరికి మెడ అలిసిపోయి కొంచెం కొంచెంగా కిందకి జారుతుంది. బయట నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. డేటాలో మాత్రం గీత ఏటవాలుగా దిగిపోతూ ఉంటుంది. ఇప్పుడు "తల బరువంతా దిండు మీద వదిలేయండి, మీరు మోయక్కర్లేదు" అంటున్నాను. నుదుటి మీదుగా ఒక టేపు ముక్క అటూ ఇటూ కాయిల్‌కి అంటిస్తాం, పట్టి ఉంచడానికి కాదు, తల కాస్త జరిగితే చర్మం లాగినట్టయి వాళ్ళకే తెలిసిపోతుందని. ఇంత ఖరీదైన యంత్రంలో అన్నిటికంటే పనికొచ్చేది ఆ టేపే అని నా అభిప్రాయం.

ఎందుకింత పట్టింపు అంటే, మేం మెదడుని 2, 3 మిల్లీమీటర్ల చిన్న ఘనాలుగా చూస్తాం, వాటిని వోక్సెల్స్ అంటారు. రెండేసి సెకన్లకోసారి మెదడంతా ఒక చుట్టు చుట్టి వస్తుంది స్కానర్. మేం వెతికే మార్పు ఒక్కో ఘనంలో ఒకటి, మహా అయితే కొన్ని శాతాలు. తల ఒక్క మిల్లీమీటరు జరిగితే ఆ ఘనంలో ఇందాక ఉన్న ముక్క పోయి పక్క ముక్క వచ్చి చేరుతుంది, దాంతో వచ్చే తేడా మేం వెతుకుతున్నదానికంటే పెద్దది. 2012లో కొన్ని ల్యాబులు ఒకదాని తర్వాత ఒకటి ఇదే చూపించాయి. తల కొద్దిగా కదిలినా సరే, మెదడులో దగ్గరి దగ్గరి భాగాల మధ్య సంబంధం ఉన్నదానికంటే ఎక్కువగానూ, దూరపు భాగాల మధ్య తక్కువగానూ కనిపిస్తుందని. పిల్లల మెదడులో దగ్గరి లంకెలు బలంగా ఉంటాయి, పెరిగేకొద్దీ దూరపు లంకెలు బలపడతాయి అని అప్పటిదాకా చెప్పుకున్నదాంట్లో కొంత భాగం దీనివల్లే అట. పిల్లలు కదులుతారు కదా మరి. పిల్లల మెదడు తీరు అనుకున్నదాంట్లో కొంత పిల్లల మెడ తీరు అన్నమాట.

పిల్లలకి మేం ముందు ఉత్తుత్తి స్కానర్‌లో ప్రాక్టీస్ చేయిస్తాం. అయస్కాంతం లేని డొల్ల గొట్టం, స్పీకర్లోంచి అవే చప్పుళ్ళు. బొమ్మలా బిగుసుకుపోయే ఆట ఆడిస్తాం, తల కదిలితే తెర మీద కార్టూన్ ఆగిపోతుంది. పెద్దవాళ్ళకి ఆ అవకాశం ఇవ్వం, వాళ్ళకే ఎక్కువ అవసరం.

అసలు మేం చూస్తున్నది ఆలోచన కూడా కాదు, ఈ మాట నేను వాలంటీర్లతో మొదట్లోనే చెప్పేస్తాను, లేకపోతే మనసులో మాట మాకు తెలిసిపోతుందేమోనని కొందరు కంగారుపడతారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, ఆక్సిజన్ ఇచ్చేసిన రక్తం అయస్కాంతం ముందు వేరు వేరుగా ప్రవర్తిస్తాయి. ఇది 1936లోనే తెలుసు. దాన్ని పట్టుకుని స్కానర్‌లో మెదడు పనిని చూడొచ్చని 1990లో సెయిజీ ఒగావా చూపించారు, మనుషుల మీద మొదటి ఫలితాలు 1992లో వచ్చాయి. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి కొత్త రక్తం పరిగెత్తుకొస్తుంది, కానీ తీరిగ్గా, 5, 6 సెకన్లకి గానీ ఉధృతి అందుకోదు. ఇంటి బయట కరెంటు మీటరు చూసి లోపల ఏం చేస్తున్నారో చెప్పడం లాంటిది మా పని. అదీ ఆలస్యంగా తిరిగే మీటరు. ఇంతకుముందు నేను ఈఈజీ ల్యాబ్‌లో చేశాను, అక్కడ మెదడు విద్యుత్తుని మిల్లీసెకన్ల లెక్కన పట్టుకోవచ్చు, ఎక్కడ్నుంచి వచ్చిందో మాత్రం కచ్చితంగా చెప్పలేం. పైగా రోజూ అందరి జుట్టులోంచీ జెల్ కడగాలి. ఇక్కడ జెల్ లేదు, అదొక్కటే హాయి.

ఆ ఆలస్యం వల్లే నా జీవితంలో ఒక ఘోరం జరిగింది. చేరిన మూడో నెల. స్కానర్ మొదలవగానే అది మా కంప్యూటర్‌కి ఒక సిగ్నల్ పంపిస్తుంది, ట్రిగ్గర్ అంటారు. కంప్యూటర్‌కి అది కీబోర్డులో 5 నొక్కినట్టు కనిపిస్తుంది, అప్పుడు బొమ్మలు మొదలవుతాయి. ఆ రోజు స్కానర్ మోగింది, బొమ్మలు రాలేదు. లోపల మనిషి నల్ల తెరని చూస్తూ పడుకున్నాడు, టెక్నీషియన్ నా వైపు చూశాడు, నాకు టెన్షన్‌లో ఏం తోచక నేనే చేత్తో 5 నొక్కేశాను. బొమ్మలు వచ్చాయి. గండం గడిచిందనుకున్నాను. తర్వాతి రెండు రన్నులకీ అలాగే నొక్కాను, అదేదో పద్ధతైనట్టు.

సాయంత్రం లాగ్ ఫైళ్ళు తెరిస్తే స్కానర్ సిగ్నళ్ళు ఉండాల్సిన వరస మొత్తం ఖాళీ. కేబుల్ చూడ్డానికి పెట్టే ఉంది, లోపలికి పూర్తిగా దిగలేదంతే. స్కాన్ ఎప్పుడు మొదలైందో తెలుసు, బొమ్మలు ఎప్పుడు మొదలయ్యాయో తెలుసు, కానీ రెండు గడియారాలూ వేరు, వాటి మధ్య తేడా మూడు సెకన్లో ఏడు సెకన్లో చెప్పేదెవరు? రక్తమే 5, 6 సెకన్లు ఆలస్యంగా వస్తుంటే, దాని మీద ఇంకో తెలియని ఆలస్యం పెడితే ఇక ఏ బొమ్మకి ఏ స్పందనో ఎవరికీ తెలీదు. పొద్దున్నే ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళి నీళ్ళు నమిలాను. ఆవిడ కేకలేస్తారనుకున్నాను. "చేత్తో నొక్కావని ఎక్కడైనా రాశావా?" అన్నారు. రాయలేదు. "అదీ తప్పు" అని ఊరుకున్నారు. ఒక మనిషి గంటన్నర ఆ గొట్టంలో కదలకుండా పడుకున్నాడు, ఆ కష్టం మొత్తం డిలీట్ కాని చెత్తగా సర్వర్‌లో ఇప్పటికీ ఉంది. నా చెక్‌లిస్టులో మొదటి లైను ఇప్పుడిదీ: "ట్రిగ్గర్ కేబుల్. చూడకు. చేత్తో ముట్టుకో."

కుడి ఎడమల గొడవ కూడా ఇలాంటిదే. మెదడు రెండు వైపులా చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది. ఫైలు ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి మారేటప్పుడు అద్దంలోలా తిరగబడితే కంటితో కనిపెట్టడం కష్టం. పైగా రేడియాలజిస్టులు బొమ్మలో ఎడమవైపు పేషంట్ కుడివైపు ఉండేలా చూస్తారు, మా సాఫ్ట్‌వేర్లలో కొన్ని అలా, కొన్ని ఇలా. అందుకని ప్రతి మనిషికీ కుడి కణత మీద ఒక విటమిన్ ఈ మాత్ర టేపుతో అంటిస్తాం. నూనె కదా, స్కాన్‌లో తెల్లటి చుక్కలా మెరుస్తుంది. ఎన్ని ప్రోగ్రాములు ఎన్నిసార్లు తిప్పినా ఆ చుక్క ఉన్న వైపు కుడి. స్కాన్ అయ్యాక ఆ మాత్ర ఇచ్చేయమని ఒకాయన అడిగారు, వేసుకుంటానని.

స్కాన్ లేని రోజుల్లో కంప్యూటర్ ముందు. ఫైళ్ళ పేర్లు ఒక పద్ధతిలో మార్చడం, ఫ్రీసర్ఫర్ అనే ప్రోగ్రాంకి అప్పజెప్పడం. అది ఒక్కో మెదడునీ గంటల తరబడి నమిలి, మెదడు పైపొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీసిస్తుంది. గీత సరిగ్గా ఉందో లేదో మనం చూడాలి. మెదడు పక్కనే ఉండే డ్యూరా పొరని కూడా అప్పుడప్పుడు మెదడే అనుకుని కలిపేసుకుంటుంది. అలాంటప్పుడు ఒక్కో స్లైసూ తిప్పుతూ, ఆ అదనపు చుక్కల్ని మౌస్‌తో చెరుపుతూ పోవాలి, 256 స్లైసులు. కళ్ళు కాయలు కాస్తాయి. విచిత్రమేమిటంటే కొన్నాళ్ళకి మడతల్ని బట్టి మెదడుని గుర్తుపట్టడం వచ్చేస్తుంది. పేరు ఉండదు, నంబరే ఉంటుంది, కానీ "ఆ, ఈ 17వ నంబరు ఎడమ పక్క మడత కదా" అనిపిస్తుంది. ఆ మనిషి దారిలో ఎదురైతే మాత్రం గుర్తుపట్టను.

ఇంత చేశాక వచ్చే రంగు మచ్చల మీద నాకు గౌరవం పెరిగిందా అంటే, కొంచెం అనుమానం పెరిగింది. 2009లో ఒక పరిశోధక బృందం చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, ఫోటోలో మనిషి ఏ భావంలో ఉన్నాడో చెప్పమని అడిగింది. నిజంగానే. లెక్కలో జాగ్రత్త తీసుకోకపోతే చేప మెదడులో కూడా వెలిగే చుక్కలు వచ్చాయి. వేల వోక్సెల్స్‌ని విడివిడిగా పరీక్షిస్తే కొన్ని ఊరికే, లాటరీ తగిలినట్టు, వెలుగుతాయి. దానికి దిద్దుబాటు చేయాలి, చేస్తే చేప చచ్చినట్టే ఉంటుంది. వాళ్ళకి 2012లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. 2020లో ఇంకోటి వచ్చింది, ఒకే డేటాని 70 టీములకి ఇచ్చి అవే తొమ్మిది ప్రశ్నలు అడిగితే, కొన్ని ప్రశ్నలకి టీముల జవాబులు కలవలేదు. ఏ రెండు టీములూ ఒకే దారిలో లెక్క చేయలేదు మరి. అందుకే "ప్రేమ ఉండేది మెదడులో ఇక్కడే" అనే రకం వార్త కనిపిస్తే నేను ముందు వెతికేది ఎంతమందిని స్కాన్ చేశారు, వాళ్ళు ఎంత కదిలారు అని. సాధారణంగా రెండోది వార్తలో ఉండదు.

ఇక చివరికి, ఎవరికీ చెప్పుకోలేని భాగం ఒకటుంది. స్కాన్ నడుస్తుండగానే బొమ్మలు తెర మీదకి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నామనుకుని వచ్చినవాళ్ళలోనే, దాదాపు 37 మందిలో ఒకరికి మెదడు ఎమ్మారైలో అనుకోనిదేదో కనిపిస్తుందని 2009లో వచ్చిన ఒక సమీక్ష లెక్క. ఒకసారి నాకు తెర మీద ఒక నల్లటి గుండ్రటి ఖాళీ కనిపించింది. గుండె గుభేలుమంది. నేను డాక్టర్‌ని కాను, అది ఏమిటో నాకు తెలీదు, తెలిసినట్టు మొహం పెట్టే హక్కు కూడా లేదు. ఇంటర్‌కామ్ నొక్కి రోజూ అనే మాటే అన్నాను, "చాలా బాగా చేస్తున్నారు, ఇంకొక్క రన్ ఉంది." నా గొంతు మారిందేమోనని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. పద్ధతి ప్రకారం న్యూరోరేడియాలజిస్టుకి పంపించాం. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది, అరాక్నాయిడ్ సిస్ట్, అంటే మెదడు పొరల్లో నీరు నిండిన చిన్న సంచి లాంటిది, బహుశా పుట్టుకతో వచ్చిందే, ఏమీ చేయక్కర్లేదని. ఆ రెండు రోజులూ నేను సరిగ్గా నిద్రపోలేదు, ఆ మనిషికేమో వాళ్ళు చెప్పేదాకా ఏమీ తెలీదు.

కాబట్టి బయటికొచ్చి చెప్పులేసుకుంటూ "నా మెదడు బాగుందాండీ?" అని అడిగితే, అందరూ అడుగుతారు, నేను నవ్వి "మేం డాక్టర్లం కాదండీ, బొమ్మ మాత్రం ఇస్తాం" అంటాను. ముక్కు దురదాయన కూడా అడిగారు. పక్కనుంచి కోసినట్టుండే స్లైసు ఒకటి తెర మీద చూపించాను. అందులో మెదడుతో పాటు నుదురు, పెదాలు, గడ్డం అన్నీ కనిపిస్తాయి. ఆయన మెదడు వైపు చూడనే లేదు. వేలు పెట్టి ముక్కు కొస చూపించి, "ఇదిగో, ఇక్కడే" అన్నారు.

తర్వాత కదలిక లెక్కలు తీస్తే రన్ 2 మొత్తంలో గీత ఎక్కడా 0.2 మిల్లీమీటర్లు దాటలేదు. ఆ స్టడీలో అంత నిశ్చలమైన రన్ ఇంకోటి లేదు. దురద సంగతి మా ఫలితాల్లో ఎక్కడా కనిపించదు, మిగతా అందరి సగటులో కలిసిపోయింది. పోయిన నెల ఆ డేటాని బయటి పరిశోధకులకి ఇచ్చేముందు, ఎవరూ మనుషుల్ని గుర్తుపట్టకుండా స్కాన్లలోంచి ముఖాలు చెరిపేసే పని నాకే పడింది. ఒక్కో ఫైలూ తెరిచి సరిగ్గా చెరిగిందో లేదో చూసుకుంటూ వెళ్తుంటే ఆయన నంబరు వచ్చింది. ముక్కు లేదు. పక్కనే నోట్సు ఫైల్లో, రన్ 2 ఎదురుగా, నేను రాసిన లైను మాత్రం అలాగే ఉంది.